అతుకుల బొంత తిరగేస్తే

బొంత పనితనం తెలియాలంటే తిరగేసి చూడాలి. పైవైపు రంగులు కంటిని లాగేస్తాయి కాబట్టి అక్కడ కొంత దాచుకోవచ్చు. అడుగువైపు ఆ వెసులుబాటు లేదు. నా ఒళ్ళో ఉన్న ఈ బొంతకు అడుగున ఉన్నది వెలిసిపోయిన ఆకుపచ్చ నూలుచీర. దాని మీద తెల్లదారపు కుట్లు నువ్వుగింజలు పేర్చినట్టు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. ఇంచుకు నాలుగు. అంచు పొడవునా వెళ్ళి, మూల తిరిగి, మళ్ళీ అంచు పట్టుకుని, చుట్టు చుట్టుకూ లోపలికి జరుగుతూ నడిమధ్యకు చేరతాయి. చుట్టుకూ చుట్టుకూ మధ్య ముప్పావు ఇంచు. ఆ దారి వెంట వేలు పెట్టి తడుముతూ పోయాను. ముడి ఒక్కటీ తగల్లేదు. దారం అయిపోయిన ప్రతిచోటా ముడిని పొరల మధ్యకు లాగేశారు. దీని మీద పడుకోబోయేది చిన్నపిల్ల. ముడి ఒరుసుకుంటే లేత ఒంటికి తెలుస్తుంది.

ఈ బొంత హనుమకొండలో మా పెద్దమ్మ ఇంటి వసారాలో తయారైంది. పెద్దమ్మ, పక్కింటి అక్క, ఎదురింటి వదిన, వీధి చివర దర్జీ దుకాణం ఆయన భార్య, ఈ నలుగురూ మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక అక్కడ చేరతారు. దసరా నుంచి సంక్రాంతి దాకా బొంతలు. ఉగాది నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా సంచులు. బొంతలు ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు వైపు గూడేల పిల్లలకు పోతాయి. ఆదిలాబాద్ చలి ఎలాంటిదో తెలంగాణలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. సంచులు సర్కారు బడి పిల్లలకు. ఒక్కటీ అమ్మరు. సూదులు, దారం, మైనం తప్ప వీళ్ళు డబ్బు పెట్టి కొనేదేమీ లేదు. బట్టంతా ఎవరో ఒకరు వద్దనుకున్నదే.

ఇలాంటి పనిని మెచ్చుకునేటప్పుడు మనం మనసు గురించే మాట్లాడతాం. ఎంత మంచివాళ్ళో అంటాం, చేతుల సంగతి మరచిపోతాం. ఆ మనసు మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ బొంతను గంటసేపు తిప్పి చూశాక, నేను చెప్పాల్సింది ఆ చేతుల గురించే అనిపించింది.

ఏరడం

జాకెట్టు కత్తిరించాక ఏం మిగులుతుందో ఎప్పుడైనా చూశారా? మెడ తీసిన చోట గిన్నె ఆకారంలో ఒక ముక్క, చంకల దగ్గర నెలవంకల్లాంటివి కొన్ని, చేతుల పక్కన పొడుగాటి మూడుమూలల పీలికలు. దర్జీ దుకాణంలో అవన్నీ బల్ల కింద గోతాంలో పడతాయి. చెత్తబండికి పోవాల్సిన ఆ గోతాన్ని వారానికోసారి ఈ వసారాలో కుమ్మరిస్తారు. దానికి తోడు ఇళ్ళలోని బీరువాల్లోంచి వచ్చే రవిక ముక్కలు. నోముకో పేరంటానికో బొట్టుపెట్టి చేతిలో పెట్టిన ఆ 80 సెంటీమీటర్ల గుడ్డ తాంబూలంతో పాటు ఒకరింటి నుంచి ఇంకొకరింటికి తిరుగుతూనే ఉంటుంది. కుట్టించుకునేవాళ్ళు తక్కువ. ఈ వసారాకు చేరాక దాని తిరుగుడు ఆగుతుంది. ఇక వరంగల్ కొత్తవాడ మగ్గాల దగ్గర మిగిలే జంపఖానా ముక్కలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది; వాటి మందం, బిగువు తెలిసినవాళ్ళు జానెడు ముక్క దొరికినా వదలరు.

కుప్ప ముందు కూర్చున్నాక మొదటి పరీక్ష అగ్గిపుల్లతో. అనుమానం ఉన్న ప్రతి గుడ్డ నుంచీ రెండు పోగులు లాగి అంటిస్తారు. నూలైతే కాగితంలా కాలి, కాగితం కాలిన వాసనే వేసి, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి, కరిగి, గట్టి పూసలా తయారవుతుంది. పాలిస్టరు కలిసిన గుడ్డ ఎంత అందంగా ఉన్నా బొంతలోకి వెళ్ళదు, సంచుల కుప్పలోకి పోతుంది. చలికాలం పొద్దున్నే గూడేల్లో పిల్లలు బొంత కప్పుకుని చలిమంట ముందు కూర్చుంటారు. రవ్వ పడితే నూలుకు చిల్లు పడుతుంది. పాలిస్టరు కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎక్కడో గూడెంలో మండే మంటను హనుమకొండ వసారాలో కూర్చుని తలుచుకుని ముక్కలు ఏరడం నాకు ఈ పని మొత్తంలోకి గొప్పదిగా కనిపించింది.

రెండోది ఉడుకునీళ్ళ పరీక్ష. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. పదేళ్ళు ఉతికిన చీరలో ఇక కుంచించుకుపోవడానికేమీ ఉండదు. రెంటినీ అలాగే కలిపి కుట్టేస్తే, బొంత మొదటిసారి ఉతికినప్పుడే కొత్త ముక్క పాతదాన్ని గుంజి ముడతలు తేలుస్తుంది. అందుకని కొత్త ముక్కలన్నీ ముందే ఉడుకునీళ్ళలో నానాలి, గంజి వదలాలి, ఎండాలి. ముదురు ఎరుపు, ముదురు నీలం ముక్కలను తడిపి తెల్లగుడ్డ మీద పెట్టి అదుముతారు. రంగు దిగితే మళ్ళీ ఉతుకుతారు. అప్పటికీ దిగితే పక్కన పెట్టేస్తారు.

మూడోది వేళ్ళ పరీక్ష. గుడ్డను పడుగు వెంట లాగితే సాగదు. పేక వెంట కొద్దిగా సాగుతుంది. ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. చంకల దగ్గరి ముక్కలన్నీ ఏటవాలు అంచులవే. అలాంటి అంచు బొంత చివరకు వస్తే కొన్నాళ్ళకు ఆ పక్కంతా అలలు తేలిపోతుంది. కాబట్టి చుట్టూ చివరి వరుసలకు పడుగు తిన్నగా ఉన్న ముక్కలనే తీస్తారు. ఏటవాలువాటిని నడుమ సర్దుతారు. అక్కడ నాలుగు వైపులా పక్క ముక్కలు పట్టుకుని ఉంటాయి కాబట్టి అవి సాగడానికి వీలుండదు.

అతకడం

పిల్లల బొంతకు కొలత చీరే ఇస్తుంది. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది, పన్నా వెడల్పు ఎలాగూ ఉంది. మూడు పొరల మెత్తటి అడుగు సిద్ధం. కత్తెర పెట్టాల్సిన పని కూడా లేదు. దాని పైన పరిచే నాలుగో పొర ముక్కలతో అతికినది. అయిదించుల చదరం కత్తిరించిన మందపాటి అట్ట ఒకటి పెట్టుకుని, దాని ప్రకారం ప్రతి ముక్కనూ కోస్తారు. నెలవంకల్లో అయిదించుల చదరం రాదు. అందుకని రెండు మూడు పీలికలను ముందే కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, ఆ తరువాత అట్ట పెడతారు. కుట్టులోకి ప్రతి వైపూ పావు ఇంచు పోగా ఒక్కో గడి నాలుగున్నర ఇంచులు తేలుతుంది. అడ్డం 10 గళ్ళు, నిలువు 16. మొత్తం 160.

నూట అరవై గళ్ళు కలిపినా మూలలు మూలలతో కలవాలంటే లెక్క తప్పకూడదు. ప్రతి అతుకు దగ్గరా ఇంచులో ఎనిమిదో వంతు బట్ట ఎక్కువ పోయిందనుకోండి. నిలువు వరుసలో ఉన్న 15 అతుకులకు దాదాపు రెండించులు పోతాయి. ఒక వరుస పొట్టిగా, పక్క వరుస పొడుగ్గా తేలుతుంది. దాన్ని సాగదీసి సర్దితే ఆ సర్దుబాటు జీవితాంతం బొంతలో వంకరగా కనిపిస్తుంది. ఈ బొంతలో పదహారు వరుసలూ చూశాను. నాలుగు గళ్ళు కలిసే ప్రతి మూలా కూడిక గుర్తులా ఉంది. దీనికో కిటుకు ఉందని పక్కింటి అక్క చూపించింది. ఒక వరుసలో లోపలి మడతలన్నీ కుడివైపుకు ఇస్త్రీ చేస్తారు, తరువాతి వరుసలో ఎడమవైపుకు. రెండు వరుసలను ఎదురెదురుగా పెట్టినప్పుడు ఒక మడత అంచు ఇంకో మడత అంచుకు వచ్చి ఆనుకుంటుంది. కళ్ళు మూసుకుని వేలితో జరిపినా అది ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చి కుట్టడమే.

మన పత్రికల భాషలో ‘అతుకుల బొంత’ అంటే తిట్టు. నిలవని సంకీర్ణ ప్రభుత్వాన్నీ, పొంతన లేని రచననూ ఆ పేరుతో పిలుస్తాం. నేనూ రాసి ఉంటాను. ఈ బొంతను చూశాక ఇక రాయను. అతుకు దగ్గర చిటికెన వేలు పెట్టి చూడండి. గడి నడుమ పైబట్ట ఒక్క పొరే. అతుకు దగ్గర లోపలికి మడిచిన రెండు అంచులతో కలిపి మూడు పొరలు. ఒకే గుడ్డతో చేసిన దుప్పటి ఒకచోట చిరిగితే ఆ చిరుగు బారెడు పాకుతుంది. ఇక్కడ చిరుగు గడి అంచు దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఆ ఒక్క గడీ మార్చుకుంటే చాలు. అతుకుల బొంతకు బలం అతుకులే.

కుట్టడం

వసారా గచ్చు తుడిచి, జంపఖానా పరిచి, దాని మీద చీర పొరలు వేస్తారు. నడిమధ్య నుంచి బయటికి అరచేత్తో నెడుతూ ముడతలు తీసి, అంచుల మీద రాళ్ళు పెట్టి, అతికిన పైపొర పరుస్తారు. తరువాత జానెడు దూరానికొకటిగా కచ్చాకుట్లు, అవీ నడుమ నుంచి అంచులకే. లోపల గాలి తిత్తిలా ఎక్కడైనా బట్ట ఉబికి ఉంటే ఆ కుట్లతో పాటు అంచుకు జరిగి బయటపడుతుంది. అసలు కుట్టు మాత్రం దీనికి ఎదురు దిశలో, అంచు నుంచి నడుమకు చుట్టు తిరుగుతుంది.

ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టే బొంతలూ ఇలాగే అంచు దగ్గర మొదలై నడుమకు చేరతాయి. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. ముక్కలను ముందుగా కలపకుండా, చుట్టు తిరుగుతున్నకొద్దీ ఒక్కొక్కటీ చేరుస్తూ పోతారు. చివర మూలల్లో మడత పెట్టిన చిన్న ముక్కలతో పువ్వులు కుడితేనే బొంత పూర్తయినట్టు. బెంగాల్ కాంథా, బిహార్ సుజనీ కూడా పాత బట్టల పొరలను ఇలా ముందుకే నడిచే కుట్టుతోనే కలుపుతాయి. సంస్కృతంలో ‘కంథ’ అంటే బొంతే. ఇన్ని చోట్ల ఇన్ని చేతులు ఒకే కుట్టు దగ్గరికి చేరాయంటే, అరిగిన నూలు బట్టకు నప్పే కుట్టు అదేనన్నమాట.

దారం ఎంపికలో పెద్దమ్మకు పట్టుదల ఎక్కువ. నూలుదారం తప్ప వాడనివ్వదు. దాన్ని మైనం మీద రెండుసార్లు లాగి చిక్కుపడకుండా చేస్తుంది. పాలిస్టరు దారం ఇంకా గట్టిది కదా అని అడిగాను. అదే దాని తప్పని చెప్పింది. బట్టకంటే దారం గట్టిదైతే, గుంజినప్పుడు దారం తెగకుండా బట్టను కోస్తుంది. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు, కోసుకుపోయిన బట్టను ఎవరూ బాగుచేయలేరు. తెగాల్సివస్తే ముందు తెగాల్సింది ఏదో నిర్ణయించుకుని మరీ కుట్టడమన్నది నేను అంతకుముందు ఆలోచించని సంగతి.

ఒకరోజు నా చేతికీ సూది ఇచ్చింది, వేలికి అంగుస్తాను తొడిగింది. నాలుగు పొరల్లోంచి సూది దింపి, కింద వేలికి మొన తగలగానే పైకి తిప్పాలి. రెండు మూరలు కుట్టేసరికి నా కుట్లు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి. పెద్దమ్మ దారం మీద వేలు పెట్టి ఆపింది. “గంత గట్టిగ గుంజకు బిడ్డా, బట్ట ముడుసుకుంటది. అట్లని వదులుగ ఇడువకు, నిద్రల పోరగాని కాలి ఏలు ఇరుక్కుంటది” అంది. బిగువుకూ వదులుకూ మధ్య ఎక్కడ ఆగాలో ఆ ఒక్క మాటతో తెలిసింది. ఇంచుకు నాలుగు చొప్పున, ముప్పావు ఇంచు ఎడంతో ఇంత బొంత నింపాలంటే 17,000 పైచిలుకు కుట్లు పడతాయి. లెక్కకట్టి చెబితే నలుగురూ ఆశ్చర్యపోయారు. వాళ్ళెప్పుడూ కుట్లు లెక్కపెట్టలేదు, చుట్లు మాత్రమే లెక్కపెట్టుకున్నారు.

సంచి

బొంత మెత్తదనం కోసం చేసేది, సంచి బరువు కోసం. అందుకే బొంతలోకి రాని ప్యాంటు గుడ్డ, పాత జీన్సు, జంపఖానా ముక్కలు ఇక్కడ పనికొస్తాయి. బడి సంచికి రెండు పలకలు, ఒక పట్టీ, అంతే. పలక 14 ఇంచుల వెడల్పు, 15 ఇంచుల ఎత్తు. నాలుగించుల వెడల్పున్న పట్టీ ఒక పక్క నుంచి దిగి, అడుగుగుండా వెళ్ళి, రెండో పక్క ఎక్కి, అక్కడి నుంచి సన్నబడి భుజం మీద కలుస్తుంది. పుస్తకాల బరువు ఏ కుట్టు మీదా వేలాడదు, అడుగున పరుచుకున్న పట్టీ మీదే కూర్చుంటుంది. ఆ పట్టీకి రెండు గజాల పైన గుడ్డ కావాలి. అంత పొడుగు ముక్క ఎవరూ పారేయరు కాబట్టి ముక్కలు అతుకుతారు. అతుకును అడ్డంగా కాక ఏటవాలుగా వేస్తారు. మడిచిన మందమంతా ఒకే గీత మీద పడకుండా పొడుగునా పంచుకుంటుంది, మిషను సూదీ విరగదు.

లోపల చేయి పెడితే పోగులు తగలవు. ముందు పలకలను మంచివైపు బయటికి ఉంచి సన్నగా ఒక కుట్టు వేసి, తిరగేసి, ఆ అంచును లోపల మూసేస్తూ రెండో కుట్టు వేస్తారు. కోసిన అంచంతా గూటిలో దాగిపోతుంది. పట్టీ మూతి దగ్గర సంచిని విడిచి భుజానికి లేచే రెండు చోట్లూ చాలా సంచులు ముందుగా చిరిగే చోట్లు. ఇక్కడ లోపలివైపు జంపఖానా ముక్క వేసి, చదరంగా కుట్టి, ఆ చదరంలో మూల నుంచి మూలకు గుణకారం గుర్తు కుడతారు. ఆ తరువాత సంచిలో అయిదు కిలోల బియ్యం పోసి కిటికీ ఊచకు రాత్రంతా వేలాడదీస్తారు. పొద్దున చదరం మూలల్లో పోగు జరిగిందేమో వెలుతురుకు పట్టి చూస్తారు.

లోపల పెన్నులకు ఒక జేబు ఉంది. జేబు పైన తెల్లగుడ్డ పట్టీ ఒకటి ఖాళీగా కుట్టి ఉంది. దేనికని అడిగాను. పిల్ల పేరు రాసుకోవడానికట. కుట్టినవాళ్ళ పేరు సంచి మీద ఎక్కడా లేదు.

ఎవరికో తెలియకుండా

రెండో ప్రపంచయుద్ధ కాలంలో కెనడా స్త్రీలు ఇళ్ళలో మిగిలిన గుడ్డలతో వేలవేల బొంతలు కుట్టి, రెడ్‌క్రాస్ ద్వారా సముద్రం దాటించి బ్రిటన్‌కు పంపారు. బాంబుదాడుల్లో ఇళ్ళు పోయినవాళ్ళు వాటిని కప్పుకున్నారు. వెనక మూలన రెడ్‌క్రాస్ చిన్న పట్టీ తప్ప కుట్టినవాళ్ళ పేరు చాలావాటి మీద లేదు. ఎనభై ఏళ్ళు దాటినా వాటిలో కొన్ని ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఎవరికి చేరుతుందో తెలియని వస్తువును అంత గట్టిగా కుట్టారు.

మన దేశంలో బట్ట దానం గురించి లోతుగా ఆలోచించినవాళ్ళలో గూంజ్ సంస్థను 1999లో మొదలుపెట్టిన అన్షు గుప్తా ఒకరు. 2015లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. పల్లెల్లో జనం తమ ఊరి బావో చెరువో బాగుచేసుకుంటే ఆ శ్రమకు గుర్తింపుగా బట్టలు ఇచ్చే పద్ధతిని ఆ సంస్థ నడిపింది. తొడుక్కోవడానికి పనికిరాని బట్టలను పరుపుగుడ్డలుగా, సంచులుగా మార్చింది. పుచ్చుకునేవాళ్ళ గౌరవం తగ్గకూడదన్నది దాని వెనకున్న పట్టింపు. మా పెద్దమ్మకు ఈ సంగతులేవీ తెలియవు. అదే పట్టింపు ఆమె కుట్టులో ఉంది.

దానానికేగా అనే మాట మనలో చాలామంది నోటికి తేలిగ్గా వస్తుంది. చిరుగుపట్టిన చొక్కా, గుండీలు ఊడిన గౌను ఇచ్చేసి బీరువా ఖాళీ అయిందని తృప్తిపడతాం. నాకు ఈ వసారాలో కనిపించింది దానికి పూర్తిగా ఎదురు లెక్క. అంగట్లో కొన్న సంచి పట్టీ ఊడితే తీసుకెళ్ళి అంగడివాడిని నిలదీస్తాం. దానంగా వచ్చిన సంచి ఊడితే ఆ పిల్ల ఎవరిని అడుగుతుంది? కొనుక్కున్నవాడికి ఉన్న నోరు పుచ్చుకున్నవాడికి ఉండదు. కాబట్టి దానానికి కుట్టేది అమ్మకానికి కుట్టేదానికంటే గట్టిగా కుట్టాలి. అడగడానికి రాలేని మనిషి తరఫున కుట్టేవాళ్ళే ముందుగా తమను తాము అడగాలి. అగ్గిపుల్ల అడుగుతుంది, ఉడుకునీళ్ళు అడుగుతాయి, కిటికీ ఊచకు వేలాడే అయిదు కిలోల బియ్యం అడుగుతుంది.

ఈ ఏడు జూన్ మొదటివారంలో సంచులు బడికి బయల్దేరే రోజు నేను అక్కడే ఉన్నాను. ఆటో వాకిట్లో ఆగి ఉంది. మూటలు కట్టే ముందు పెద్దమ్మ ప్రతి సంచినీ తీసి, పట్టీని రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజి పక్కన పెడుతోంది. నలభయ్యో నలభై రెండో దగ్గర ఆమె చేయి ఆగింది. నాకేమీ వినిపించలేదు, ఆమెకు మాత్రం దారం టిక్కుమన్నట్టు తెలిసింది. సంచిని తిరగేసింది. గుణకారం గుర్తులో ఒక గీత సగంలో తెగి ఉంది. మిగతాదంతా గట్టిగానే ఉంది కదా, ఆటో ఎదురుచూస్తోంది అన్నాను. “ఆగనీ” అంది. గడప మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, సూది మొనతో ఆ చదరమంతా విప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆటో అతను ఇంజను ఆపేసి కిందికి దిగి వచ్చాడు. గడప పక్కన గొంతుక్కూర్చుని, ఆమె కుడుతుంటే చూస్తూ ఉండిపోయాడు.